వినుకొండ వారి వియ్యంకుడు

వినుకొండ అనగానే ఎవరికైనా జాషువా గారు గుర్తొస్తారు. ఆయన గురించి ఈ సంచికలో మరొకరు రాసే ఉంటారు. నేను రాస్తున్నది ఆయన వియ్యంకుడి గురించి. జాషువా గారి అమ్మాయి హేమలత వినుకొండలోనే పుట్టారు. 1960లో లవణం గారిని పెళ్లి చేసుకున్నారు. ఆ లవణం తండ్రే గోరా, అంటే గోపరాజు రామచంద్రరావు. నాస్తికుడిగా ఆయన లోకానికంతా తెలుసు. వృత్తికి ఆయన సైన్సు మాస్టారని మాత్రం చాలామందికి గుర్తుండదు.

1902 నవంబరు 15న గంజాం జిల్లా ఛత్రపురంలో పుట్టారు. మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో వృక్షశాస్త్రం ఎం.ఏ. చదివి మదురై అమెరికన్ కాలేజీలో లెక్చరరుగా చేరారు. మతం పుచ్చుకుంటే అమెరికాలో పై చదువులకు పంపుతామన్నా ఒప్పుకోలేదు. కోయంబత్తూరులో కొన్నాళ్లు పత్తి మీద పరిశోధన చేశారు. పత్తి పండించే మన ప్రాంతం వాళ్లకి ఈ ముక్క చెప్పకుండా ఉండలేకపోయాను. తర్వాత కొలంబోలో బౌద్ధుల ఆనంద కాలేజీ, అక్కణ్ణుంచి కాకినాడ పి.ఆర్. కాలేజీ. జంధ్యం వేసుకోనన్నందుకు తండ్రి ఇంట్లోంచి పొమ్మన్నారు. భార్య సరస్వతి గారు గర్భవతిగా ఉండి గ్రహణం రోజున బయటికి వచ్చి నిలబడ్డారు. పాఠంలో చెప్పేది ఇంట్లో ఆచరించకపోతే ఎలా అన్నది ఆ దంపతుల పట్టుదల.

1933లో నాస్తిక భావాల కారణంగా కాకినాడలో ఉద్యోగం పోయింది. బందరు హిందూ కాలేజీ తీసుకుంది. కొన్నేళ్లకి అక్కడా అదే కథ. పాఠం సరిగా చెప్పరని ఎవరూ అనలేదు, పిల్లలకి ఆయనంటే ఇష్టం కూడాను. పేచీ అంతా క్లాసు బయట ఆయన ఏమనుకుంటున్నారన్న దాని మీదే.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. దూలం ఎంత బరువు మోస్తుంది, ఎక్కడ విరుగుతుంది అన్న లెక్కను మొదట శాస్త్రంగా మలిచిన వాళ్లలో గెలీలియో ఒకడు. సివిల్ ఇంజినీర్లం ఇప్పటికీ ఆ దారినే నడుస్తున్నాం. ఆ లెక్క ఉన్న పుస్తకాన్ని ఆయన ఇటలీలో అచ్చు వేయించుకోలేకపోయాడు. 1633లో రోములో మత విచారణ జరిగి ఇంట్లోనే బందీ అయ్యాడు. చివరికి 1638లో హాలండులోని లైడెన్‌లో అచ్చయింది. రకరకాల క్రైస్తవ శాఖల వాళ్లూ, యూదులూ పక్కపక్కనే బతికే దేశం కనుక అక్కడి ప్రింటర్లకి అంత భయం లేకపోయింది. అదీ లేకపోతే ఆ పుస్తకం పెట్టెలోనే ఉండిపోయేదేమో.

గోరాకి దొరికిన లైడెన్ కృష్ణాజిల్లా ముదునూరు. ఆ ఊరివాళ్లు రమ్మంటే 1940లో ఉద్యోగాల ఆశ వదిలేసి, పిల్లల్ని తీసుకుని వెళ్లారు. పూజలు చేసుకునే రైతులే నాస్తికుడికి చోటిచ్చారు. అక్కడే నాస్తిక కేంద్రం పెట్టారు, కులాల పట్టింపు లేకుండా సహపంక్తి భోజనాలు నడిపారు. క్విట్ ఇండియా ఉద్యమంలో జైలుకి వెళ్లారు. 1947లో కేంద్రాన్ని విజయవాడ పటమటకు మార్చారు.

గాంధీ గారితో ఆయన స్నేహం మరీ విచిత్రం. రోజూ ప్రార్థన చేసే ఆయనా, దేవుడే లేడనే ఈయనా సేవాగ్రామంలో కూర్చుని మాట్లాడుకున్నారు. గోరా పెద్దమ్మాయి మనోరమకు దళిత యువకుడు అర్జునరావుతో పెళ్లి తానే చేయిస్తానన్నారు గాంధీ. ఆ తంతులో దేవుడి మాట బదులు సత్యం అన్న మాట వాడటానికీ సరేనన్నారు. పెళ్లి నాటికి ఆయన లేరు. 1948 మార్చిలో సేవాగ్రామంలోనే అది జరిగింది.

గోరా చెప్పినవన్నీ నాకు నచ్చవు. నేను ఏటా కోటప్పకొండ తిరునాళ్లకి వెళ్లేవాణ్ణే. కానీ ఆయన బృందం ఊరూరా నిప్పుల మీద నడిచి చూపించడం వెనకున్న ధైర్యం నాకిష్టం. చిన్నప్పుడు పీర్ల పండగకి గుండం తొక్కేవాళ్లని నోరు తెరుచుకుని చూసేవాణ్ణి. తురకలూ హిందువులూ కలిసే తొక్కేవారు. కాలకపోవడం మహిమే అనుకున్నాను. బొగ్గు వేడిని త్వరగా వదలదనీ, ఇనుప రేకైతే అదే వేడికి అరికాలు ఊడొస్తుందనీ, పైగా అడుగు పడేది క్షణం సేపేననీ మన బళ్లో సైన్సు మాస్టారు చెప్పారు. ఆయనా పీర్లకి మొక్కుకునే మనిషే. అలా చెప్పినందుకు ఆయన్ని ఎవరూ ఏమీ అనలేదు.

1975 జులై 26న విజయవాడలో సభలో ఉండగానే గోరా కన్నుమూశారు. అప్పటికి జాషువా గారు పోయి నాలుగేళ్లు.

మాస్టారి పాఠం విన్న ఏడు, గుండం అంచుదాకా వెళ్లి చెప్పులు విప్పాను. లెక్క తెలుసు, అయినా కాలు లేవలేదు. ఇంతలో మా అమ్మ వచ్చి రెక్క పట్టుకుని వెనక్కి లాగింది.