లండన్‌కు జవాబు చెప్పిన హైదరాబాద్ అమ్మాయి



పేరెంట్స్ మీటింగ్‌కు వచ్చినప్పుడు మీలో చాలామంది మొదట అడిగేది పిల్లలు ఇంగ్లిష్ ఎప్పుడు గడగడా మాట్లాడతారని. మాట్లాడటం వచ్చాక దానితో ఏం చేస్తారని అడిగేవారు తక్కువ. ఆ రెండో ప్రశ్నకు మన ఊరి బిడ్డ ఒకరి జీవితంలోనే మంచి జవాబు ఉంది. ఆమె సరోజినీ నాయుడు.

ఆమె 1879 ఫిబ్రవరి 13న హైదరాబాద్‌లో, బెంగాలీ కుటుంబంలో పుట్టారు. తండ్రి అఘోరనాథ్ చటోపాధ్యాయ సైన్స్ చదివిన పండితుడు. నిజాం కాలేజీకి మూలమైన కళాశాలను నడిపినవారు. ఇంట్లో ఇంగ్లిష్ నేర్పాలని ఆయన పట్టుదల. నేర్చుకోనని పాప మొండితనం. తొమ్మిదేళ్ల వయసులో ఒకరోజంతా ఆమెను గదిలో పెట్టి తలుపు వేశారట. బయటికి వచ్చాక ఇక తల్లిదండ్రులతో ఇంగ్లిష్‌లోనే మాట్లాడానని ఆమె తర్వాత రాసుకున్నారు. ఈ పద్ధతిని మాత్రం మీరు ఇంట్లో ప్రయత్నించకండి! మనం గమనించాల్సింది ఇంకొకటి ఉంది. అమ్మ వరదసుందరీ దేవి మాత్రం కూతురితో ఎప్పుడూ హిందుస్తానీలోనే మాట్లాడేవారు. పాప ఇంగ్లిష్‌లో అడిగేది, అమ్మ హిందుస్తానీలో చెప్పేది. ఏ భాషా ఇంకో భాషకు అడ్డం రాలేదు.

పదకొండేళ్లప్పుడు ఆల్జీబ్రా లెక్క తెగక కూర్చుంటే లెక్కకు బదులు ఒక కవిత వచ్చిందట. పన్నెండేళ్లకే మద్రాసు యూనివర్సిటీ మెట్రిక్యులేషన్ పాసై పేరు తెచ్చుకున్నారు. 1895లో నిజాం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో పదహారేళ్ల పిల్ల ఇంగ్లండ్ వెళ్లింది. లండన్ కింగ్స్ కాలేజీలోనూ, కేంబ్రిడ్జ్ గిర్టన్ కాలేజీలోనూ చదివింది.

అక్కడ ఒక పెద్దమనిషి చెప్పిన మాట ఆమె దారి మార్చింది. ఎడ్మండ్ గాస్ అప్పటి పేరున్న విమర్శకుడు. సరోజిని తన కవితలు ఆయనకు చూపించారు. వాటిలో నిండా ఇంగ్లండ్ పిట్టలు, ఇంగ్లండ్ పూలు, ఇంగ్లండ్ పల్లెలు. ఇలాంటివి మాకు చాలా ఉన్నాయి, నీ దేశపు కొండలు, తోటలు, గుళ్లు, మనుషుల గురించి రాయమని ఆయన సలహా ఇచ్చారు. అంత దూరం నుంచి వచ్చిన పిల్లకు ఆ మాట గుచ్చుకునే ఉంటుంది. అయినా అందులో నిజం ఉందని ఆమె గ్రహించారు. 1905లో వచ్చిన మొదటి పుస్తకం ది గోల్డెన్ త్రెషోల్డ్‌లో మన నగరం మీద సాయంకాలం ఎలా వాలుతుందో కనిపిస్తుంది. 1912 నాటి రెండో పుస్తకంలో హైదరాబాద్ బజార్ల మీద కవిత ఉంది. మీరు రోజూ నడిచే వీధులు అలా ఇంగ్లిష్ కవిత్వంలోకి వెళ్లాయి.

1898లో ఆమె డాక్టర్ గోవిందరాజులు నాయుడిని పెళ్లి చేసుకున్నారు. కులం వేరు, ప్రాంతం వేరు. మద్రాసులో జరిగిన ఆ పెళ్లిని కందుకూరి వీరేశలింగం పంతులు గారు జరిపించారు. నలుగురు పిల్లలు. కాపురం హైదరాబాద్‌లోనే.

1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగింది. అఫ్జల్‌గంజ్ చుట్టుపక్కల వేలమంది కొట్టుకుపోయారు. ఇప్పుడు ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని మన పెద్దలు చెబుతారు. ఆ వరద బాధితులకు సరోజిని చేసిన సేవకు బ్రిటిష్ ప్రభుత్వం కైసర్-ఇ-హింద్ పతకం ఇచ్చింది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్ కాల్పులు జరిగాయి. ఆ తర్వాత ఆమె ఆ పతకాన్ని తిరిగి ఇచ్చేశారు.

1920 జూన్‌లో ఆమె లండన్‌లో కింగ్స్‌వే హాల్ సభలో మాట్లాడారు. పంజాబ్‌లో సైనిక పాలన కింద ఆడవాళ్లకు జరిగిన అవమానాలను ఇంగ్లండ్ ప్రజల ముందే చెప్పారు. ఇండియా వ్యవహారాల మంత్రి మాంటేగు ఆ ఆరోపణలను ఖండించి, వెనక్కి తీసుకోమన్నారు. సామ్రాజ్యంలో అంత పెద్ద పదవిలో ఉన్న మనిషి ఆధారం లేదంటే ఎవరైనా తడబడతారు. సరోజిని కాంగ్రెస్ విచారణ నివేదికలో నమోదైన సాక్షుల వాంగ్మూలాలను చూపించి సమాధానం రాశారు. కోపం ఆమెకూ ఉంది. కానీ కోపంతో పాటు చేతిలో కాగితం కూడా ఉంది.

ఇక ఇంకో నాయకుడి మాట. 1931 ఫిబ్రవరిలో గాంధీజీ వైస్రాయ్‌తో చర్చలకు వెళ్లినప్పుడు విన్‌స్టన్ చర్చిల్ ఒక సభలో ఆయన్ను ఎగతాళి చేశారు. లాయరు చదువు చదివిన మనిషి సగం ఒంటిమీద బట్ట లేని ఫకీరు వేషంతో వైస్రాయ్ భవనం మెట్లెక్కడం చూస్తే అసహ్యం వేస్తోందన్నది ఆ మాటల సారం. ఆ ఏడాదే గాంధీజీ, సరోజిని రౌండ్ టేబుల్ సమావేశానికి లండన్ వెళ్లారు. గాంధీజీ అదే బట్టలతో రాజుగారి బకింగ్‌హామ్ ప్యాలెస్‌లోకి కూడా నడిచారు. 1944లో చర్చిల్‌కు ఉత్తరం రాస్తూ, ఫకీరు అనడాన్ని మెచ్చుకోలుగానే తీసుకుంటున్నానన్నారు. ఇప్పుడు ఆ మాట గుర్తొస్తే తలవంపు చర్చిల్‌కే.

గాంధీజీని సరోజిని కూడా ఆటపట్టించేవారు. 1914లో లండన్‌లో మొదటిసారి చూసినప్పుడు, ఆయన నేలమీద కూర్చుని చెక్క గిన్నెలో టమాటాలు తింటుంటే ఆమె పకపకా నవ్వారు. ఆ పెద్ద చెవులు చూసి మిక్కీ మౌస్ అనేవారు. ఆయన్ను పేదరికంలో ఉంచడానికి చాలా ఖర్చవుతోందని వేళాకోళమాడేవారు. ఆయన కూడా నవ్వేసేవారు. చర్చిల్ మాటా గాంధీజీ వేషం గురించే, సరోజిని మాటా అలాంటి సంగతుల గురించే. తేడా మనసులో ఉంది. ఆమె నవ్విన మనిషి పక్కనే నిలబడ్డారు. 1930లో గాంధీజీ అరెస్టయ్యాక ధరాసనా ఉప్పు సత్యాగ్రహానికి ముందు నడిచి జైలుకు వెళ్లారు.

1925లో కాన్పూర్ కాంగ్రెస్ సభలకు అధ్యక్షత వహించిన తొలి భారతీయ మహిళ ఆమె. 1947 ఆగస్టు 15న ఇప్పటి ఉత్తరప్రదేశ్‌కు గవర్నర్ అయ్యారు. ఆ పదవిలో ఉండగానే 1949 మార్చి 2న లక్నోలో కన్నుమూశారు.

ఈ జీవితం నుంచి మన పిల్లలకు మూడు సంగతులు చెప్పవచ్చు. విమర్శలో నిజం ఉంటే గాస్ మాటలా తీసుకోవాలి. అధికారంతో నోరు మూయించబోతే మాంటేగుకు చెప్పినట్టు ఆధారంతో చెప్పాలి. వేళాకోళం చేయాలనిపిస్తే, ఎదుటివారు కూడా మనతో కలిసి నవ్వగలరా అని ఒక్క క్షణం ఆలోచించాలి. బట్టల గురించి, టిఫిన్ బాక్స్ గురించి, ఇంటి భాష గురించి స్కూల్ బస్సులో పడే మాటలు చిన్నవి కావు. వాటికి ఏం జవాబు చెప్పాలో ఇంట్లోనే నేర్చుకుంటారు.

ఈ ఆదివారం నయాపూల్ దాటి వెళ్తే, ఆ చింతచెట్టు కథ పిల్లలకు చెప్పండి. రాత్రి హైదరాబాద్ బజార్ల కవిత ఇంగ్లిష్‌లో చదివించండి. అర్థం మాత్రం మీ ఇంటి భాషలో అడగండి, తెలుగైనా ఉర్దూ అయినా. వాళ్లు చెప్పేది మధ్యలో దిద్దకుండా చివరిదాకా వినండి.