విమాననిర్మాత లూయీ బ్లేరియో

లూయీ బ్లేరియో 1872వ సంవత్సరమున ఫ్రాన్సుదేశమందలి కాంబ్రే పట్టణమున జన్మించెను. ఇంజనీరు విద్య నభ్యసించి, మోటారుకార్లకు ఎసిటిలీను దీపములు చేసి విక్రయించి ధనవంతు డయ్యెను. ఆ ధనమును విమానముల నిర్మాణమునకే వెచ్చించెను. కట్టినవానిలో పెక్కులు కూలిపోయినవి. దివాలా తీయవలసిన స్థితి వచ్చినను అతడు పూనిక విడువలేదు.

అతని పదునొకండవ నమూనా కఱ్ఱతోను గుడ్డతోను చేసిన తేలిక విమానము. దాని ఇంజనుకు 25 అశ్వశక్తుల బలము మాత్రమే కలదు. అంతకుముందొక ప్రయాణమున అతని పాదము కాలెను. ఆ గాయముతోనే 1909 జూలై 25న చంకకఱ్ఱల సాయమున వచ్చి విమాన మెక్కెను. దిక్సూచియైనను లేక, కాలే తీరమునుండి సముద్రముమీదుగ ఎగిరి, 36 నిమిషములకు ఇంగ్లండునందలి డోవరున దిగెను. ఆ దూరము నిజామాబాదునుండి బోధనునకు గల దూరముకంటె నధికము. విమానముతో ఇంగ్లీషు ఛానెలును దాటిన ప్రథముడు అతడే. వేయి పౌనుల బహుమానము లభించెను; నూటికి పైగా విమానములు కావలెనని కొనువారు వచ్చిరి.

బ్లేరియో 1936లో మరణించెను. అతని కుటుంబమునకు పొరుగున, ఫ్రాన్సు సముద్రతీరమున బాల్యములో వేసవులు గడపిన జె.ఆర్.డి. టాటాకు ఆ విమానములను చూచియే ఎగురుటపై మక్కువ కలిగెను. 1945లో టాటాలును నిజాం ప్రభుత్వమును కలిసి హైదరాబాదున దక్కన్ ఎయిర్‌వేస్ స్థాపించిరి.

నష్టముగ లెక్కకెక్కిన తొలి విమానములే బ్లేరియోకు మూలధనమైనవి.