క్లౌ దొరగారు – ఆదివారపు విశ్రాంతి

మన అధ్యక్ష మండల శతవార్షిక సంచికలో ఒక బాప్టిస్టు మిషనెరీని గురించి వ్రాయడమేమిటని కొందరికి అనిపించవచ్చును. మన కృష్ణా సీమకు రాఘవాపురము పగోలు వెంకయ్యగారు ఉన్నారు, బందరులో నోబుల్ దొరగారు ఉన్నారు. అయినప్పటికీ ఆదివారపు విశ్రాంతి తెలుగు పల్లెలో మొదట ఎంత వెలకు దొరికినదో తెలిసికొనవలెనంటే కృష్ణ దాటి ఒంగోలు వెళ్లక తప్పదు.

జాన్ ఎవరెట్ క్లౌగారు 1836వ సంవత్సరము జూలై 16వ తేదీన అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రములో జన్మించారు. యౌవనములో భూములు కొలిచే సర్వేయరుగా పనిచేశారు. ఈ సంగతి గుర్తుంచుకోండి, కరవుకాలములో మరల అక్కరకు వస్తుంది. 1865లో మద్రాసులో దిగి, నెల్లూరులో తెలుగు నేర్చుకొని, 1866 సెప్టెంబరులో ఒంగోలు చేరారు. 1867 జనవరి 1న అక్కడ 8 మంది సభ్యులతో సంఘము ఏర్పడినది.

ఆయనకు ముందుగానే దారి వేసినవారు యర్రగుంట్ల పేరయ్యగారు. మాదిగ కులములో పుట్టి, యోగమార్గములో దేవుని వెదకిన మనిషి. తోళ్ల వ్యాపారము మీద ఏలూరు వైపు వెళ్లినప్పుడు సువార్త ఆయన చెవిని పడినది. పేరయ్యగారు తిరిగిన పడమటి పల్లెలకు 1867 జనవరిలో క్లౌగారు వెళ్లగా 28 మంది బాప్తిస్మము పొందారు. అప్పటికి ఒంగోలు పట్టణములోని అగ్రకులములవారు దొరగారి పాఠశాల మీద మక్కువ చూపుచున్నారు. మాదిగలను చేర్చుకుంటే వారు దూరమవుతారు. క్లౌగారు, ఆయన భార్య హారియెట్ అమ్మగారు వేరువేరుగా బైబిలు తెరవగా ఇద్దరికీ 1 కొరింథీ మొదటి అధ్యాయములో ఒకే భాగము దొరికినదట. అంతటితో ఆ చర్చ ముగిసినది.

క్లౌగారు పల్లె ఆచారములను ఒక్కసారిగా పెకలించే మనిషి కారు. మాదిగ పెద్దల పద్ధతులను చాలావరకు అలాగే ఉండనిచ్చారు. కాని మూడు విషయములలో పట్టు విడువలేదు. ఆదివారము పని చేయకూడదు, చచ్చిన పశువు మాంసము తినకూడదు, విగ్రహములకు మ్రొక్కకూడదు. వేదాంత కళాశాలలో దీనిని మొదటిసారి చదివినప్పుడు మూడింటిలో ఆదివారమే తేలికైనదని నాకు తోచినది. ఒకటి ఆకలికి, ఇంకొకటి భయమునకు సంబంధించినవి. పని మానడమేమంత కష్టమనుకున్నాను. పల్లెలలో కొన్నాళ్లు కాపరిగా తిరిగిన తరువాత గాని పొరబడ్డానని తెలియలేదు.

ఆనాటి మాదిగ కుటుంబము ఇష్టమైనచోట కూలి చేసుకొనే కుటుంబము కాదు. ఊరికి కట్టుబడిన కుటుంబము. రైతుకు చెప్పులు కుట్టాలి, మోటకు కట్టే తోలు బొక్కెన బాగుచేయాలి, కోతలకు రావాలి, జాతరలో డప్పు వాయించాలి. ప్రతిఫలము కళ్లములో కొలిచి ఇచ్చే మేర. ఈ ఏర్పాటులో వారము ఏడు దినములూ ఆసామివే. బొక్కెన ఏ దినము చిరిగితే ఆ దినమే కుట్టాలి, లేకపోతే చేను ఎండుతుంది. అటువంటి ఊళ్లో ఆదివారము రాలేమని చెప్పడమంటే ఒకనాటి పని మానడము మాత్రమే కాదు. మా బ్రదుకులో ఒక దినము మీది కాదని ఆసామి ముఖము మీద చెప్పడము. ఆసాములకు ఇది వెంటనే అర్థమైనది, బహుశా మనకన్న బాగా అర్థమైనది. అంగళ్లలో సరుకులు అమ్మవద్దన్నారు. నీళ్లకు అడ్డము పడ్డారు. లేని నేరములు మోపి జైలుకు పంపించినవారూ ఉన్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. నియమము పెట్టినది దొరగారు. దెబ్బలు తిన్నది పల్లెవాళ్లు. ఆయనకు బంగళా ఉన్నది, మిషను జీతము ఉన్నది, కలెక్టరుకు ఉత్తరము వ్రాయగల పలుకుబడి ఉన్నది. ఇటువంటి బరువు పేదల నెత్తిన పెట్టే హక్కు ఆయనకెక్కడిదని ఎవరైనా అడిగితే నేను కోపగించుకోను. అయితే పల్లెవాళ్లు దానిని బరువుగా చూచినట్లు లేదు. బరువే అయితే ఇన్ని బాధలకు ఓర్చి నిలుపుకునేవారు కారు, ఇంకా ఇంకా పల్లెలు వచ్చి చేరేవి కావు. ద్వితీయోపదేశకాండము 5వ అధ్యాయములో విశ్రాంతిదినపు ఆజ్ఞకు చెప్పబడిన కారణము చూడండి. ఐగుప్తులో మీరూ దాసులుగా ఉన్నారు గనుక మీ దాసుడు, దాసి కూడా మీవలె విశ్రమించాలి అన్నది అక్కడి భావము. ఆ అధ్యాయమును మనము గ్రంథములో చదివి నేర్చుకున్నాము. వారు ఒంటి మీద నేర్చుకున్నారు.

క్రీ.శ. 321లో కాన్‌స్టంటైన్ చక్రవర్తి ఆదివారము న్యాయస్థానములు, పట్టణపు పనులు ఆగవలెనని శాసనము చేశాడు. కాని పొలము పనికి మినహాయింపు ఇచ్చాడు. చినుకు, అదను ఎవరి కోసమూ ఆగవు గదా! రైతు సీమలో ఉన్న మనకు ఆ మినహాయింపు చాలా సబబుగా కనిపిస్తుంది. మన దేశములో బొంబాయి మిల్లు కూలీలకు నారాయణ మేఘాజీ లోఖండేగారి పోరాటము వలన ఆదివారపు సెలవు దక్కినది 1890లో. అంతకు ఇరువది ఏండ్ల పైచిలుకు ముందే, సంఘము గాని యూనియను గాని వెనుక లేని ఒంగోలు మాదిగలు, చక్రవర్తి సైతము మినహాయించిన పొలము పనికే ఆదివారము రామన్నారు.

1876లో మొదలైన గొప్ప కరవులో మన డెల్టాకు కాలువ నీళ్లు ఉన్నవి. కృష్ణ ఆనకట్ట 1855లోనే పూర్తి అయినది. ఒంగోలు మెట్ట సీమకు ఆ ఆధారము లేదు. ప్రభుత్వము బకింగ్‌హాం కాలువ త్రవ్వించి జనమునకు పని కల్పించింది. కృష్ణా డెల్టా నుండి వచ్చే కొమ్మమూరు కాలువ పెదగంజాము వద్ద కలిసేది దీనితోనే. బెజవాడ నుండి మద్రాసు వరకు పడవలు నడిచిన దారి అది. క్లౌగారు అందులో మూడున్నర మైళ్ల త్రవ్వకము కంట్రాక్టు తీసుకున్నారు. పాత సర్వేయరు విద్య ఇక్కడ పనికి వచ్చినది. బోధకులనే మేస్త్రీలుగా పెట్టారు. పని విరామములో వారు కూలీల మధ్య కూర్చొని, ప్రయాసపడేవారిని ప్రభువు విశ్రాంతికి పిలిచే మత్తయి 11వ అధ్యాయపు వాక్యమును చెప్పేవారు. గంపెడు మట్టి మోసి దించిన మనిషికి ఆ వాక్యమునకు వ్యాఖ్యానము అక్కరలేదు.

కరవు సాగినంత కాలము అన్నము కోసము వచ్చారన్న నింద రాకూడదని ఆయన బాప్తిస్మములు ఆపివేశారు. 1878 జూలైలో గుండ్లకమ్మ ఒడ్డున మరల మొదలుపెట్టగా 3వ తేదీ ఒక్క దినమే 2,222 మంది బాప్తిస్మము పొందారు. ఈ అంకెను మనము ప్రసంగములలో తరచుగా చెప్పుకుంటాము. ఆ నీటిలో దిగిన ప్రతివారికీ మరుసటి ఆదివారము ఆసామి ఇంటి ముందు ఒక జవాబు చెప్పవలసి ఉన్నదని మాత్రము చెప్పుకోము.

క్లౌగారు ఆ తరువాత మూడు దశాబ్దములు ఈ దేశములోనే ప్రయాసపడి, 1910 నవంబరులో అమెరికాలో రోచెస్టరు నగరములో ప్రభువునందు నిద్రించారు.

విజయవాడలోను, చుట్టుప్రక్కల ఊళ్లలోను మన సంఘస్థులలో ఈనాడు పని చేసేవారే కాదు, పని చేయించేవారూ ఉన్నారు. దుకాణములు, నర్సింగు హోములు, చేపల చెరువులు, కౌలు పొలములు మనవారికి ఉన్నవి. మనము ఆదివారము ఉదయము తెల్లబట్టలతో గుడికి వస్తాము. మన ఇంట్లో అంట్లు తోమే అమ్మ, దుకాణములో తూకము వేసే కుర్రవాడు, చెరువు గట్టున మేత చల్లే మనిషి ఆ వేళకు పనిలోనే ఉంటారు. వారిలో కొందరు మన సంఘపు పుస్తకములో పేరు ఉన్నవారే. నాట్ల కాలములో స్త్రీలు కూర్చునే వరుసలు సగము ఖాళీగా ఉంటే, భక్తి తగ్గినదని వేదిక మీద నుండి నేనూ గద్దించాను. ఆ దినము వారు ఎవరి పొలములో ఉన్నారో అడుగలేదు.

నర్సులకు, డ్రైవర్లకు ఆదివారమే సెలవు దొరకడము సాధ్యము కాకపోవచ్చును; వారికి వారములో మరియొక దినము ఇవ్వవచ్చును. కూలి కోయకుండా ఇవ్వాలి, కోసిన సెలవు పేదవానికి సెలవు కాదు. ఈ విషయమును వచ్చే పాస్టరేట్ కమిటీలో అజెండాగా పెట్టవలెనని, మొదట గురువుల ఇండ్లలో పనిచేసేవారితోనే ఆరంభించవలెనని నా మనవి.