కోడి రామ్మూర్తిని పడగొట్టింది పైల్వాన్ కాదు

2015 నవంబర్‌ల మెల్‌బోర్న్‌ల రోండా రౌసీ ఓడిపోయిన వీడియో మా జిన్నారం పోరగాండ్ల ఫోన్లల్ల ఇంకా తిరుగుతనే ఉన్నది. అప్పటిదాక 12 ఫైట్లు ఆడి 12 గెలిచిన మనిషి. జూడో నుంచి వచ్చింది, దగ్గరికి పోయి పట్టుకుంటెనే ఆమె గెలుపు. హాలీ హోమ్ బాక్సర్. చేతికి దొరకకుంట చుట్టు తిరిగింది. రౌసీ మీద మీదికి పోయి దెబ్బలు తిన్నది. రెండో రౌండ్‌ల హోమ్ ఎడమకాలు మెడ మీద పడ్డది, అయిపాయె.

అందరు ఆ తన్నునే ముందుకు ఎనుకకు జరిపి చూస్తరు. నాకు దాని తర్వాతి ముచ్చట కావాలె. ఏడాది దాటినంక మళ్ల దిగితే అమాండా న్యూనెస్ 48 సెకన్లల్ల ఖతం చేసింది. 2018ల డబ్ల్యూడబ్ల్యూఈకి పోయింది, గెలుపోటములు ముందే రాసిపెట్టుకునే ఆటకు. తప్పు పట్టేది ఏం లేదు, బతకాలె గద.

కొట్లాడే ఒళ్లును ఆటగ చూపెట్టి బతుకుడు కొత్తది కాదు. మన తెలుగోడు కోడి రామ్మూర్తి నాయుడు నూరేండ్ల కిందనే ఆ పని చేసిండు.

ఉత్తరాంధ్రల వీరఘట్టం ఆయన ఊరు, పుట్టింది 1880ల మొదట్ల. తల్లి చిన్నప్పుడే పోయింది. విజయనగరంల చిన్నాయిన ఇంట్ల పెరిగిండు. అక్కడనే కసరత్తు, కుస్తీ పట్టింది. మద్రాసు సైదాపేటల వ్యాయామ శిక్షణ తీసుకొని, విజయనగరం బడిల డ్రిల్లు మాస్టర్ అయిండు. నౌకరీ అయితే దొరికింది గాని, బడి పంతులు జీతం పైల్వాన్ తిండికి ఏడ సరిపోతది? పాలు, నెయ్యి, బాదం పప్పు ఎవలు పోస్తరు? ఆ కాలంల పైల్వాన్‌కు రెండే దారులు. రాజు దగ్గర చేరుడు, లేదంటే టికెట్ పెట్టి ఒళ్లు చూపెట్టుడు.

అదే ఈడు గామా పైల్వాన్ మొదటి దారిల నడిచిండు. 1910ల లండన్ పోతే పొట్టిగున్నవని పోటీలకు రానియ్యలే. సవాలు చేసి జిబిస్కోతోటి పట్టిండు. ఆ పెద్ద మనిషి మూడు గంటల దాక చాపను కరిచిపట్టుకొని లేవనేలేదు, వారం తర్వాత మళ్ల పట్టుదామంటే రానేలేదు. ఇసొంటి గామాకు పటియాల రాజు అండ ఉండె. దేశం రెండు ముక్కలైనంక ఆ అండ పోయింది, 1960ల లాహోర్‌ల కష్టాల నడుమనే కన్ను మూసిండు.

రామ్మూర్తి రెండో దారి పట్టిండు. పొట్టి పంతులు సాయంతోటి సొంతంగ సర్కస్ కంపెనీ పెట్టిండు. ఒంటికి చుట్టిన ఇనుప గొలుసును ఊపిరి బిగబట్టి తెంపుడు, రెండు దిక్కుల రెండు కార్లు గుంజుతుంటే కదలకుంట నిలబడుడు, ఛాతి మీద ఏనుగును ఎక్కించుకునుడు. ఇదంత ఒట్టి కండ బలం అనుకోవద్దు. ఇసొంటి పనిల ఊపిరి తప్పితే పక్కటెముక విరుగుతది. ఆయన ఏండ్లకేండ్లు ప్రాణాయామం పట్టిండు, మాంసం ముట్టలే. ప్రొటీన్ డబ్బాల కోసం అప్పులు చేసే తమ్ముళ్లు ఈ మాట జర యాదికి పెట్టుకోండ్రి. కలియుగ భీముడన్నరు, ఇండియన్ హెర్క్యులస్ అన్నరు.

గాని సర్కస్‌కు పెట్టుబడి ఆయన ఒళ్లే. డేరాలు, జంతువులు, పనోళ్లు, అందరి బువ్వ ఆ ఒక్క ఒంటి మీదనే. కాలికి పుండు లేసింది, ముదిరింది, ఆఖరికి కాలే తీసేసిండ్రు. ఏ పైల్వాన్‌తోటి పడని మనిషి పుండుతోటి పడ్డడు. మత్తు మందు లేకుంటనే కోయించుకున్నడని ఇప్పటికి గొప్పగ చెప్తరు. నాకు ఆ కథ నచ్చదు. మనిషి నొప్పిని సుత ఫీటు చేసి చప్పట్లు కొడుతున్నం. సర్కస్ చేయి జారింది. ఒడిశాల బలంగీర్‌ల ఒక సంస్థానం నీడకు చేరిండు, 1942 జనవరిల పోయిండు. ఇప్పుడు విశాఖ బీచ్ రోడ్డు మీద విగ్రహం, శ్రీకాకుళంల ఆయన పేరు మీద స్టేడియం ఉన్నయి.

గడ్డపోతారం, బొల్లారం కంపెనీలల్ల కాంట్రాక్ట్ మీద డ్రమ్ములు మోసే తమ్ముళ్లు నాకు మస్తు మంది ఎరుకే. ఇనుప డ్రమ్ము పడి పాదం నలిగిన ఒకడు నాలుగు నెలలు ఇంట్ల కూసున్నడు, కాంట్రాక్టర్ మొకం చూపెట్టలే. ఆ తమ్మునికి ఒళ్లు తప్ప వేరే ఆస్తి లేదు, రామ్మూర్తికీ అంతే. ఇప్పుడు ఇదే పోరగాండ్లు రాత్రి షిఫ్ట్ దిగి జిమ్ముకు పోయి, ఫైటర్లమైతమంటున్నరు. పోండ్రి, మస్తుగ కొట్లాడుండ్రి. ఫైట్ పెట్టిస్తమని ఎవలన్న వస్తే, గెలిస్తే ఎంతిస్తరని అడుగుడు మీకు ఎట్లనన్న తెలుసు. ఓడితే దవాఖాన బిల్లు ఎవరిది, ఎన్ని నెలలు కూసోబెట్టి జీతమిస్తరు అనేది సంతకం కంటె ముందే కాగితం మీద రాయించుకోండ్రి.