పాలపుంత ధ్వనిని విన్న జాన్‌స్కీ

వెనుకటి రేడియోలలో పాట వినుచుండగా ఎక్కడనో మెఱుపు మెఱసినచో నడుమ గరగరమను ధ్వని వినవచ్చెడిది. వినువారు విసుగుకొని రేడియో కట్టివేసెడివారు. అట్టి గరగరను నెలల తరబడి ఓపికతో పరిశీలించుటయే ఒక యువకునకు ఉద్యోగమయ్యెను. అతడే కారల్ జాన్‌స్కీ.

ఇతడు 1905వ సంవత్సరము అక్టోబరు 22వ తేదీన అమెరికాలోని ఓక్లహోమా ప్రాంతమున, నార్మన్ పట్టణమునందు జన్మించెను. తండ్రి ఇంజనీరింగు బోధించు ఆచార్యుడు. తనకు దారి చూపిన కారల్ గూథే అను భౌతికశాస్త్రజ్ఞుని పేరే కుమారునకు పెట్టుకొనెను. జాన్‌స్కీ విస్కాన్సిన్ విశ్వవిద్యాలయమున భౌతికశాస్త్రము చదివి 1927లో పట్టము పొందెను. విద్యార్థిగా నున్నప్పుడే మూత్రపిండముల వ్యాధి అతనిని పట్టుకొనెను, తుదివఱకు విడువలేదు. 1928లో అతడు బెల్ టెలిఫోన్ పరిశోధనాలయమున చేరి, న్యూజెర్సీ రాష్ట్రమున పనిచేయసాగెను.

ఆ కాలమున అట్లాంటిక్ మహాసముద్రమున కావలివారితో టెలిఫోనులో మాటలాడుటకు రేడియో తరంగములే ఆధారము. నడుమ గరగర పుట్టి మాట వినరాకుండెడిది. అది ఏ దిక్కునుండి వచ్చుచున్నదో కనిపెట్టు పని జాన్‌స్కీకి ఒప్పగింపబడెను.

హోమ్‌డెల్ అను గ్రామమున, బయలు ప్రదేశమందు అతడొక విచిత్రమైన ఏరియల్ నిర్మించెను. కొయ్య చట్రమునకు ఇత్తడి గొట్టములు బిగించి, దానిని నాలుగు ఫోర్డు మోటారు చక్రములపై నిలిపెను. సుమారు 100 అడుగుల పొడవు గల ఆ యంత్రము గానుగవలె 20 నిమిషముల కొకసారి చుట్టి వచ్చుచుండెను. దానికి రంగులరాట్నమని పేరు వచ్చెను.

యంత్రము వ్రాసిన గీతలను పరిశీలింపగా గరగర మూడు విధములని తేలెను. ఒకటి సమీపపు ఉఱుములవలనను, రెండవది దూరపు ఉఱుములవలనను కలుగునవి. మూడవది పాము బుసవంటి సన్నని ధ్వని. దాని కారణము తెలియలేదు. మొదటి రెండింటితో తన పని తీరినదని వేఱొకడైనచో ఊరకుండును. జాన్‌స్కీ ఊరకుండలేదు.

ఆ బుస సూర్యునినుండి వచ్చుచున్నదని అతడు మొదట తలచెను. కాని నెలలు గడచిన కొలది అది సూర్యుని విడిచి తొలగిపోసాగెను. లెక్కింపగా అది హెచ్చుట 24 గంటల కొకసారి కాదు, 23 గంటల 56 నిమిషముల కొకసారి యని తెలిసెను. ఆ నాలుగు నిమిషములలోనే రహస్య మున్నది. మీరును పరీక్షింపవచ్చును. నేటి రాత్రి 8 గంటలకు ఎదురింటి కప్పుపై కనబడిన నక్షత్రము రేపు అదే చోటికి 4 నిమిషములు ముందుగా వచ్చును. భూమి తనచుట్టు తాను తిరుగుచునే సూర్యుని చుట్టును తిరుగుట యిందుకు కారణము. కావున ఆ బుస భూమిపై పుట్టినది కాదు, సూర్యునినుండి వచ్చినదియు కాదు. నక్షత్రముల నడుమనుండి వచ్చుచున్నది. స్కెల్లెట్ అను మిత్రుడు ఖగోళశాస్త్ర విషయమున తోడ్పడగా, జాన్‌స్కీ దాని దిక్కును నిర్ణయించెను. అది ధనూరాశి, మన పాలపుంతకు కేంద్రమున్న దిక్కు. ఆకాశమున ధ్వని ప్రయాణింపదని మీరెఱుగుదురు. వచ్చినవి రేడియో తరంగములు. వానిని బుసగా మార్చినది యంత్రము.

1933 మే 5వ తేదీన న్యూయార్క్ టైమ్స్ పత్రిక ఈ వార్తను మొదటి పుటలో ప్రకటించెను. ఆ నెలలోనే ఆ బుసను రేడియోలో ప్రజలకు వినిపించిరి. అటుపిమ్మట అంతయు నిశ్శబ్దము. ఖగోళశాస్త్రజ్ఞులకు రేడియో తెలియదు, రేడియో ఇంజనీర్లకు నక్షత్రములు తెలియవు. దేశమున ఆర్థికమాంద్యము వలన ధనమును కఱవయ్యెను. సంస్థ జాన్‌స్కీకి వేఱు పనులు అప్పగించెను. సంస్థ అన్యాయము చేసెనని కొందఱందురు. టెలిఫోనులు నడపు సంస్థ తనకు కావలసిన సమాధానము దొరకిన పిదప ఆగిపోవుట నాకు వింతగా తోచదు. విశ్వవిద్యాలయములు ముందునకు రాకపోవుటయే వింత. 1937లో గ్రోట్ రీబర్ అను రేడియో ఇంజనీరు మాత్రము ఇల్లినాయ్ రాష్ట్రమున తన పెరటిలో, సొంత ధనముతో, 31 అడుగుల వెడల్పు గల పళ్లెమువంటి ఏరియల్ నిర్మించి, జాన్‌స్కీ కనుగొన్నది నిజమని చూపెను.

జాన్‌స్కీ 1950 ఫిబ్రవరి 14వ తేదీన మరణించెను. అప్పటి కతని వయస్సు 44 ఏండ్లు.

1974లో బాలిక్, బ్రౌన్ అను శాస్త్రజ్ఞులు పాలపుంత నడిబొడ్డున మిక్కిలి చిన్నదియు తీక్ష్ణమైనదియు నగు ఒక రేడియో మూలమును కనుగొనిరి. అది సుమారు 40 లక్షల సూర్యుల ద్రవ్యరాశి గల కృష్ణబిలము. భూమిపై వేర్వేరు చోట్ల నున్న ఎనిమిది రేడియో దూరదర్శినులను జతపఱచి 2017లో దానిని పరిశీలించిరి. ఆ చిత్రము 2022 మే 12వ తేదీన వెలువడెను. బిలము కనబడదు, నల్లని నడిమి చుట్టును వెలుగు వలయము కనబడును. రేడియో మూలముల తీవ్రతను కొలుచుటకు 1973లో అంతర్జాతీయముగా అంగీకరించిన ప్రమాణముతోనే ఆ వలయమును కొలిచిరి. ఆ ప్రమాణము పేరు జాన్‌స్కీ.