చాప మీద పడుకున్న బ్రిగేడియర్ ఉస్మాన్

ఫౌజ్‌లో ప్రమోషన్ వస్తే జీతం పెరుగుతుంది, క్వార్టర్ మారుతుంది, సెల్యూట్లు ఎక్కువవుతాయి. వాటితోపాటు ఎందరి ప్రాణాలు తన మాట మీద ఆధారపడి ఉన్నాయో గుర్తుంచుకునే అధికారే సిపాయిల మనసులో నిలుస్తాడు. కొత్తగా మేజర్, లెఫ్టినెంట్ కల్నల్ హోదాలు అందుకున్న వాళ్లు తప్పకుండా తెలుసుకోవాల్సిన జీవితం బ్రిగేడియర్ మహ్మద్ ఉస్మాన్‌ది.

ఉస్మాన్ 1912 జూలై 15న, నేటి ఉత్తరప్రదేశ్‌లోని మవూ జిల్లా బీబీపూర్‌లో జన్మించారు. తండ్రి పోలీసు అధికారి. చిన్నప్పుడు ఉస్మాన్‌కు నత్తి ఉండేది. అయినా వెనకడుగు వేయలేదు. 1932లో ఇంగ్లండ్‌లోని సాండ్‌హర్స్ట్ సైనిక కళాశాలకు ఎంపికయ్యారు. 1934లో అధికారి అయ్యారు, మరుసటి ఏడాది బలూచ్ రెజిమెంట్‌లో చేరారు. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మాలో పనిచేశారు. 1945లో ఒక బెటాలియన్‌కే కమాండర్ అయ్యారు.

1947లో దేశం రెండు ముక్కలైంది. బలూచ్ రెజిమెంట్ పాకిస్తాన్ వాటాలోకి వెళ్లింది. ముస్లిం అధికారి కాబట్టి ఉస్మాన్ కూడా వెళ్తారనే అందరూ అనుకున్నారు. పెద్ద పదవి ఆశ చూపి జిన్నా, లియాఖత్ అలీ ఖాన్ పిలిచినా ఆయన కదల్లేదు. పుట్టిన గడ్డనే ఎంచుకుని డోగ్రా రెజిమెంట్‌లోకి మారారు.

1947 డిసెంబర్ 25న జమ్మూ ప్రాంతంలోని ఝంగర్ శత్రువుల చేతిలో పడింది. దగ్గర్లోని నౌషేరాలో 50వ పారా బ్రిగేడ్ బాధ్యత ఉస్మాన్‌ది. ఓటమికి కింది వాళ్లను నిందించలేదు. ఝంగర్‌ను తిరిగి గెలిచేదాకా మంచం ఎక్కనని ప్రతిజ్ఞ చేశారు. గడ్డకట్టే చలిలో నేల మీద చాప పరుచుకుని పడుకున్నారు. బ్రిగేడియర్ అలా పడుకుంటే సిపాయికి వేరే ఉపన్యాసం అవసరమా?

1948 ఫిబ్రవరి 6న నౌషేరా మీద భారీ దాడి జరిగింది. ఉస్మాన్ బ్రిగేడ్ దాన్ని తిప్పికొట్టింది. అప్పటి నుంచి ఆయన నౌషేరా షేర్ అయ్యారు. ఆయన తలకు పాకిస్తాన్ 50 వేల రూపాయల వెల కట్టింది. మార్చి 18న ఝంగర్ మళ్లీ చేజిక్కింది. ఆ రాత్రి పక్క ఊరి నుంచి మంచం అడిగి తెప్పించుకుని పడుకున్నారు.

ఉస్మాన్ పెళ్లి చేసుకోలేదు, మద్యం ముట్టలేదు. జీతంలో చాలా భాగం పేద పిల్లల చదువుకే పెట్టేవారు. నౌషేరాలో దిక్కులేని పిల్లలను చేరదీసి చదువు చెప్పించారు.

1948 జూలై 3న ఝంగర్‌లో ఫిరంగి గుండు పేలి ఉస్మాన్ షహీద్ అయ్యారు. 36వ పుట్టినరోజుకు ఇంకా 12 రోజులే ఉంది. ఢిల్లీలో జరిగిన జనాజాకు ప్రధాని నెహ్రూ స్వయంగా వచ్చారు. జామియా మిలియా ఇస్లామియా దగ్గర దఫన్ చేశారు. మరణానంతరం ఆయనకు మహావీర్ చక్ర ప్రకటించారు.

కొత్త హోదా అందుకున్న అధికారికి ఈ జీవితం చెప్పేది ఒక్కటే. కింది వాళ్లు చలిలో ఉంటే పైవాడు కూడా చలిలోనే ఉండాలి. ఓటమిని తన మీద వేసుకోవాలి. ర్యాంకు కాగితం మీద వస్తుంది, ఇజ్జత్ మాత్రం సంపాదించుకోవాలి.