కొంకర్లు పోయిన చేతులకు పని నేర్పిన డాక్టరు

ముదగల్‌లో మా బడి గేటు దగ్గర సాయంత్రం పూట ఒక అవ్వ మనవడి కోసం నిలబడి ఉండేది. ఎంత పిలిచినా లోపలికి వచ్చేది కాదు. ఆమె కుడిచేతి వేళ్ళు కొంకర్లు పోయి అరచేతిలోకి ముడుచుకుని ఉండేవి. ఆ చేతిని ఎప్పుడూ కొంగుచాటునే పెట్టుకునేది. ఆ పిల్లవాడిని వేరే బెంచీ మీద కూర్చోబెట్టమని కొందరు తల్లిదండ్రులు మా దగ్గరికి వచ్చారు. అవ్వ కుష్ఠుకు మందులు పూర్తిగా వాడిందని, జబ్బు నయమై ఏళ్ళు గడిచాయని చెప్పినా వారికి నమ్మకం కుదరలేదు. చెయ్యి వంకరగా ఉందంటే రోగం ఇంకా ఉన్నట్టేనని వారి లెక్క.

ఆ లెక్క తప్పని చేతల్లో చూపిన డాక్టరు పాల్ బ్రాండ్. ఆయన పనిచేసింది మనకు తెలియని ఊరేమీ కాదు. చిత్తూరు వైపు మనవాళ్ళు పెద్ద జబ్బు చేస్తే వెళ్ళే రాయవెల్లూరు ఆస్పత్రిలోనే.

బ్రాండ్ 1914లో తమిళనాడులోని కొల్లి కొండల్లో పుట్టారు. తల్లిదండ్రులు ఇంగ్లండు నుంచి వచ్చిన మిషనరీలు. కొండపిల్లలతో తమిళం మాట్లాడుతూ, చెట్లెక్కుతూ పెరిగారు. తొమ్మిదేళ్ళకు చదువు కోసం ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి కొండల్లోనే జ్వరంతో చనిపోయారు. ఆ పిల్లవాడు తండ్రిని మళ్ళీ చూడలేదు. తల్లి మాత్రం తొంభై దాటినా ఆ కొండ ప్రాంతాలను వదలలేదు.

పాల్ మొదట డాక్టరు కావాలనుకోలేదు. బడి ముగించి వడ్రంగం, తాపీపని నేర్చుకున్నారు. నాలుగైదేళ్ళు ఇళ్ళు కట్టే పనిలో ఉన్నారు. ఆ తర్వాతే వైద్యం వైపు తిరిగి, యుద్ధకాలపు లండన్‌లో సర్జన్ అయ్యారు. వడ్రంగి చేయి వృథా పోలేదని ముందు ముందు తెలుస్తుంది.

1946లో వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీకి వచ్చారు. కొన్నాళ్ళకు కుష్ఠు నిపుణుడు రాబర్ట్ కాక్రేన్ ఆయనను చెంగల్పట్టులోని తన ఆశ్రమానికి తీసుకెళ్ళారు. అక్కడ వరుసగా ముడుచుకుపోయిన చేతులు. ఎముకల డాక్టర్లెవరూ వీటిని ఎందుకు పట్టించుకోలేదన్న ప్రశ్నకు జవాబు దొరకలేదు. ఒక రోగి చేతిలో తన చెయ్యి పెట్టి గట్టిగా నొక్కమన్నారు బ్రాండ్. అతను నొక్కిన నొక్కుకు నొప్పి పుట్టింది! చచ్చుబడిందనుకున్న చేతిలో అంత బలం ఎలా ఉంది?

వెతికితే కారణం దొరికింది. కుష్ఠు క్రిమి నరాలను దెబ్బతీస్తుంది, అదీ ముఖ్యంగా చర్మానికి దగ్గరగా, చల్లగా ఉండే చోట్ల. మోచేతి దగ్గర నరం అలా పాడైతే అరచేతిలోని చిన్న కండరాలు పనిచేయవు, వేళ్ళు ముడుచుకుపోతాయి. ముంజేతిలోని పెద్ద కండరాలు చాలావరకు బాగానే ఉంటాయి. అంటే కొంకర చెయ్యి రోగం కాదు, రోగం చేసిపోయిన దెబ్బ. క్రిమి చచ్చినా ఆ వంకర మిగిలే ఉంటుంది.

బాగున్న కండరానికి పాడైన కండరం పని అప్పగించవచ్చు కదా అన్నది ఆయన ఆలోచన. కండరాన్ని ఎముకకు పట్టి ఉంచే తాడులాంటి దాన్ని టెండన్ అంటారు. మణికట్టును ఎత్తే కండరాల్లో ఒకదాని టెండన్‌కు, కాలి నుంచి తీసిన సన్నని టెండన్‌ను అతికి, దాన్ని నాలుగు పాయలు చేసి నాలుగు వేళ్ళకు కుట్టేవారు. ఆపరేషన్ సగం పనే. నిన్నటిదాకా మణికట్టును ఎత్తిన కండరానికి వేళ్ళను కదపడం కొత్తగా నేర్పాలి. వారాల తరబడి సాధన. ఒకటో తరగతి పిల్లల చేత అక్షరాలు దిద్దించిన వాళ్ళకు ఆ ఓపిక ఏమిటో వేరే చెప్పక్కర్లేదు.

చేతులు బాగుపడ్డాక ఎవరూ ఊహించని చిక్కు వచ్చింది. బాగైన కొందరు తిరిగొచ్చి మొరపెట్టుకున్నారు. వంకర చేతులున్నప్పుడు బిచ్చమైనా పడేది, ఇప్పుడు అదీ లేదు. కుష్ఠువాడని పనీ ఎవరూ ఇవ్వరు. ఆ మాట బ్రాండ్‌ను కుదిపేసింది. కాలేజీ ఆవరణలోనే మట్టి గోడల ఇళ్ళతో నవజీవన కేంద్రం పెట్టి, తనకు వచ్చిన వడ్రంగమే వారికి నేర్పించారు. వాళ్ళు చెక్క బొమ్మలు చేసి అమ్మారు. మాకు ఆయన ఆపరేషన్ల కన్నా ఇదే పెద్ద పని అనిపిస్తుంది.

అక్కడే ఇంకో సంగతి బయటపడింది. బ్రాండ్‌కు తిరగని తుప్పు తాళాన్ని ఒక కుర్రాడు ఇట్టే తిప్పేశాడు. చూస్తే వేలు ఎముకదాకా తెగి ఉంది, నొప్పి తెలియలేదు. కొందరికి రాత్రి నిద్రలో ఎలుకలు వేళ్ళు కొరికేవి, తెల్లారాకే చూసుకునేవారు. దాంతో పిల్లుల్ని పెంచారు. కుష్ఠులో వేళ్ళు వాటంతటవి కుళ్ళి రాలిపోతాయన్నది లోకం నమ్మకం. కాలడం, కోసుకుపోవడం, పట్టించుకోక చీము పట్టడం, వీటివల్లనే పోతున్నాయని ఆయన తేల్చారు. అందుకే పనిముట్లకు మెత్తటి పిడులు, కాళ్ళకు మెత్తటి రబ్బరు చెప్పులు వచ్చాయి.

ఒకసారి లండన్‌లో రాత్రి మేజోడు విప్పుతుంటే ఆయన మడమకే స్పర్శ తెలియలేదు. సూదితో గుచ్చుకున్నారు, నొప్పి లేదు. తనకూ కుష్ఠు సోకిందని ఆ రాత్రంతా నిద్రపోలేదు. తెల్లారి మళ్ళీ గుచ్చితే చురుక్కుమంది; రైల్లో చాలాసేపు ఒకే తీరున కూర్చోవడంతో పట్టిన తిమ్మిరి అది. నొప్పి ఎంత మేలైనదో ఆ తెల్లవారుజామునే అర్థమైందని ఆయన తర్వాత రాసుకున్నారు.

1966లో అమెరికాలోని కార్‌విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళి, ఇరవై ఏళ్ళు పనిచేశారు. వెల్లూరులో నేర్చిన పాదరక్షణ అక్కడ షుగరు రోగుల పాదాలకూ ఉపయోగపడింది. 2003లో సియాటిల్‌లో కన్నుమూశారు.

ఈ కథంతా మా తల్లిదండ్రుల సమావేశంలో చెప్పాం. పిల్లవాడి బెంచీ మారలేదు. అవ్వ గేటు దాటి లోపలికి రావడానికి మాత్రం ఇంకో ఏడాది పట్టింది. ఆ సమావేశానికి వచ్చిన ఒక తల్లి, కూతురి మోచేతి మీద పాలిపోయిన మచ్చ చూపించింది. దూదిపోగు తాకిస్తే ఆ పాపకు తెలియలేదు. తాలూకా ఆస్పత్రికి పంపాం. మాత్రలు ఉచితమే, ఆరు నెలలు వాడింది. ఆ ఆరు నెలలూ బడికి వస్తూనే ఉంది.